125 రోజులు ఇస్తామంటుంటే వద్దనడం ఎందుకు? ఉపాధి హామీ కొత్త చట్టంపై వివరమైన సమాధానం

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది నల్గొండ జిల్లాలో ఐదెకరాల రైతు కుటుంబం. ఉపాధి హామీ వచ్చాక కూలీలు దొరకడం లేదని నాన్న ఎప్పుడూ అంటారు. కేంద్రం తెచ్చిన కొత్త చట్టంలో వంద రోజుల పని 125 రోజులైంది. నాట్లు, కోతలప్పుడు 60 రోజులు పని ఆపుతారట. కూలీకీ లాభం, రైతుకీ లాభం కదా. మరి దీన్ని వ్యతిరేకించేవాళ్ల వాదనలో విషయం ఉందా, అంతా రాజకీయమేనా?"

విషయం ఉంది. నేను ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో చాలా ఏళ్లు పనిచేశాను. మొదట అనంతపురం వైపు, తర్వాత పాలమూరు వైపు. జాబ్‌కార్డులు పట్టుకుని ఇంటింటికీ తిరగడం, చేసిన పనిని టేపుతో కొలవడం, మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఉన్న పేరు ఊళ్లో ఉందో లేదో చూడడం, ఇదే పని. నా మొగ్గు కూలీల వైపేనని ముందే చెప్తున్నాను. అయినా మీ నాన్నగారి మాట కొట్టిపారేసేది కాదు. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

మొదట 125 సంగతి. ఈ అంకె వినగానే ఎవరికైనా మంచిదే అనిపిస్తుంది. కానీ పాత చట్టంలో వంద రోజులు ఉన్నప్పుడు కుటుంబానికి నిజంగా దొరికింది ఎంత? 2024-25లో దేశం మొత్తం మీద సగటున 50 రోజులు. అంతకుముందు సంవత్సరాల్లోనూ కాస్త అటూ ఇటూగా అంతే. వంద రోజులు నిండిన కుటుంబాలు పదింట ఒకటి కూడా లేవు. అంటే కూలీకి అడ్డం పడింది వంద అనే గరిష్ఠ పరిమితి కాదు. ఏప్రిల్‌లో పని మొదలుపెట్టాక డబ్బు రాదు, వేతనాలు నెలల తరబడి ఆగుతాయి, కింది సిబ్బంది "ఇప్పుడు పని లేదు, తర్వాత చూద్దాం" అంటారు, దరఖాస్తు తీసుకున్నా రసీదు ఇవ్వరు. ఇవన్నీ అలాగే ఉంచి పరిమితిని మాత్రం 125కి పెంచితే, 50 రోజులు దొరికే ఇంటికి ఒక్క రోజైనా ఎక్కువ వస్తుందన్న భరోసా ఏముంది?

లెక్క వేసి చూద్దాం. 2024-25లో ఈ పథకం కింద పని చేసిన కుటుంబాలు సుమారు 5.8 కోట్లు. వాళ్లందరికీ 125 రోజులు ఇస్తే 725 కోట్ల పనిదినాలు. రోజుకు 250 రూపాయలే అనుకుందాం. ఇది మన రెండు రాష్ట్రాల్లో ఉన్న కూలి కంటే తక్కువ. అయినా ఒక్క కూలి ఖర్చే 1.81 లక్షల కోట్లు దాటుతుంది. ఇక సామగ్రి, సిబ్బంది ఖర్చు వేరే. కొత్త బిల్లుతో పాటు కేంద్రం చెప్పిన వార్షిక అంచనా ఎంతో తెలుసా? రాష్ట్రాల వాటాతో కలిపి సుమారు 1.51 లక్షల కోట్లు. అందులో కేంద్రం పెట్టేది 95 వేల కోట్ల పైచిలుకు. అంటే ప్రభుత్వం తన సొంత అంచనాలోనే అందరికీ 125 రోజులకు సరిపడా డబ్బు చూపలేదు. ఈ లెక్క ఎవరైనా చేతికాగితం మీద వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. 2005లో పార్లమెంట్ చేసిన ఉపాధి హామీ చట్టంలో బలం రోజుల సంఖ్యలో లేదు, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నదాంట్లో ఉంది. కూలీ పని అడిగితే 15 రోజుల్లో పని చూపాలి. చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. ఆ భృతి రాష్ట్రం కట్టాలి. పని చూపిస్తే మాత్రం నైపుణ్యం అక్కరలేని పనుల కూలి మొత్తం కేంద్రం కడుతుంది. సామగ్రి ఖర్చులో మూడు వంతులు కూడా కేంద్రానిదే. దీని వెనక ఆలోచన చూడండి. పని చూపిస్తే రాష్ట్రానికి దాదాపు ఖర్చు లేదు, చూపకపోతే ఖర్చు. కాబట్టి రాష్ట్రానికి పని చూపించడమే లాభం. ఊళ్లో ఎంతమంది అడిగితే అంత పని, దానికి తగినంత డబ్బు. ఢిల్లీలో కూర్చుని "ఈ రాష్ట్రానికి ఇంతే" అని ముందే గీత గీసే వీలు చట్టంలో లేదు. బడ్జెట్‌లో తక్కువ పెట్టి, చెల్లింపులు ఆపి, ఆచరణలో ఆ గీత గీస్తూనే వచ్చారు. ఆ మాట నిజం. కానీ అలా చేసినప్పుడు అది చట్ట ఉల్లంఘన అయ్యేది. కోర్టుకు వెళ్లడానికి కాళ్ల కింద నేల ఉండేది. 2016లో స్వరాజ్ అభియాన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, డబ్బుల్లేవని చెప్పి కూలి ఆపడాన్ని తప్పుపట్టింది ఆ నేల మీద నిలబడే.

2025 డిసెంబర్‌లో పార్లమెంట్ ఆమోదించిన కొత్త చట్టం, అంటే వికసిత్ భారత్ పేరుతో వచ్చిన జీ రామ్ జీ చట్టం, ఈ అమరికను తలకిందులు చేసింది. కూలి ఖర్చులోనూ ఇప్పుడు కేంద్రానికి 60, రాష్ట్రానికి 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం 90:10. ఏ రాష్ట్రానికి ఏటా ఎంత ఇవ్వాలో కేంద్రం కొన్ని ప్రమాణాల ప్రకారం ముందే నిర్ణయిస్తుంది. ఆ కేటాయింపు దాటిన ఖర్చు పూర్తిగా రాష్ట్రానిదే. పైగా పథకం ఏ గ్రామీణ ప్రాంతాల్లో వర్తించాలో నోటిఫై చేసేది కేంద్రం. ఈ నాలుగూ కలిపి చదవండి. హామీ అన్న మాట ఉంది, దాన్ని నిలబెట్టే డబ్బుకు మాత్రం ఢిల్లీ నుంచి పరిమితి ఉంది. పని అడిగే కూలీకి రాష్ట్రం జవాబు చెప్పాలి, ఎంత డబ్బు వస్తుందో కేంద్రం చెప్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, ఊహాత్మకమే. ఒక రాష్ట్రంలో ఏడాదికి 20 కోట్ల పనిదినాలు నడిచాయనుకోండి. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన కూలి 6,140 కోట్లు. పాత చట్టంలో ఇందులో రాష్ట్రం ఒక్క రూపాయి కట్టనక్కరలేదు. కొత్త చట్టంలో 2,456 కోట్లు రాష్ట్ర ఖజానా నుంచి రావాలి, సామగ్రి వాటా కాకుండా. మన రెండు రాష్ట్రాల ఆర్థిక పరిస్థితి మీకు తెలియనిది కాదు. జీతాలు, పెన్షన్లు, పాత అప్పుల వడ్డీ, ఎన్నికల్లో ఇచ్చిన హామీలు, వీటి మధ్య ఆర్థిక శాఖ ఎక్కడ కోత పెడుతుంది? సంఘటితంగా లేని, రాజధానికి వచ్చి అడగలేని వాళ్ల దగ్గర. ఇప్పుడు పని చూపిస్తే రాష్ట్రానికి ఖర్చు, అడిగినవాళ్ల పేరు రాసుకోకపోతే ఖర్చు లేదు. కింద ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌కు పైనుంచి వచ్చే మౌఖిక ఆదేశం ఎలా ఉంటుందో నేను ఇన్నేళ్లలో చూశాను. "డిమాండ్ ఎక్కువ ఎక్కించకండి" అని. అలాంటి ఆదేశం కాగితం మీద ఎక్కడా ఉండదు. ఇకమీదట అది మరింత గట్టిగా వస్తుంది.

పేద రాష్ట్రాలకు ఇంకా కష్టం. బిహార్, జార్ఖండ్‌లలో పని అవసరం ఎక్కువ, సొంత ఆదాయం తక్కువ. 40 శాతం పెట్టగలిగిన రాష్ట్రమే కేంద్రం డబ్బు పూర్తిగా వాడుకుంటుంది. అంటే ఎక్కువ అవసరం ఉన్నచోటే తక్కువ పని నడుస్తుంది.

కరువు, మహమ్మారి లాంటి ఏడాది గురించి ఆలోచించండి. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే నగరాల నుంచి జనం నడిచి ఇళ్లకు చేరారు. పాలమూరు వాళ్లు ముంబై, పుణె నుంచి వచ్చారు. ఊళ్లో వాళ్లకు ఉన్న ఒకే ఒక్క ఆధారం ఈ పని. ఆ ఏడాది బడ్జెట్‌లో మొదట 61,500 కోట్లు పెట్టారు, తర్వాత 40,000 కోట్లు అదనంగా ప్రకటించారు, చివరికి ఖర్చు 1.11 లక్షల కోట్లు దాటింది. దాదాపు 389 కోట్ల పనిదినాలు, 11 కోట్ల మందికి పైగా పని. 2015లో ఇదే పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు స్మారకంగా ఉంచుతానని లోక్‌సభలో అన్న ప్రధాని ప్రభుత్వమే, ఐదేళ్ల తర్వాత దీన్ని పట్టుకుని గ్రామాలను నిలబెట్టింది. అది సాధ్యమైంది ఎందుకంటే అడిగినంత ఇవ్వాలన్న నియమం ఉంది, డబ్బు కట్టాల్సిన బాధ్యత కేంద్రానిది. ఆ ఏడాది రాష్ట్రాల పన్ను ఆదాయం కుప్పకూలింది. కూలిలో 40 శాతం, పైగా కేటాయింపు దాటిన ఖర్చు మొత్తం రాష్ట్రాల మీద ఉండి ఉంటే, 389 కోట్లలో ఎన్ని కోట్ల పనిదినాలు నడిచేవి? దీనికి కొత్త చట్టాన్ని సమర్థించేవాళ్లు సూటిగా జవాబు చెప్పగా నేను వినలేదు.

డబ్బు తాళం ఒకరి చేతిలో ఉంటే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్‌లో చూశాం. అక్రమాలు జరిగాయని 2022 మార్చి నుంచి ఆ రాష్ట్రానికి ఉపాధి నిధులు ఆపేశారు. అక్రమాలు జరిగే ఉంటాయి, ఎక్కడ లేవు? తప్పు చేసినవాళ్లను పట్టుకోవాలి. కానీ మూడేళ్లకు పైగా ఒక రాష్ట్రం కూలీలందరికీ పని లేకుండా చేశారు. పని చేసినవాళ్ల కూలి బకాయిలు కూడా ఆగాయి. చివరికి 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు, ఆగస్టు 1 నుంచి పథకం మళ్లీ మొదలుపెట్టమంది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్తే అక్టోబర్‌లో అక్కడా నెగ్గలేదు. పాత చట్టం ఉండగానే ఇంత జరిగింది. రాష్ట్రంలో ఏ పార్టీ ఉందన్నదాన్ని బట్టి కూలీ కుండలో గింజలు ఉండాలా వద్దా తేలడం నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం.

ఇప్పుడు మీ నాన్నగారి మాట.

కూలీలు దొరకడం లేదన్నది నిజం. అందులో వాదన లేదు. కారణం ఎక్కడుందన్నదే ప్రశ్న. మీ జిల్లాలో ఉపాధి పనులు ఎప్పుడు జోరుగా నడుస్తాయో ఒకసారి గుర్తు చేసుకోండి. మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు. ఉగాది దాటాక పొద్దున ఆరింటికే గడ్డపారలు, తట్టలు పట్టుకుని చెరువు పూడికకో, కాలువ పనికో వెళ్తారు, పదకొండు కాకముందే తిరిగొస్తారు. వానలు పడి దుక్కులు మొదలయ్యేసరికి ఆ పనులు చాలావరకు ఆగిపోతాయి. జులై, ఆగస్టుల్లో నాట్లప్పుడు మీ ఊళ్లో ఎన్ని ఉపాధి గ్రూపులు పని చేస్తున్నాయో వెళ్లి చూడండి. ఇంటికి ఏడాదికి 50 రోజులు, అదీ ఎక్కువగా ఎండాకాలంలో. నాట్ల కొరతకు ఇది కారణం ఎలా అవుతుంది?

పైగా డబ్బు లెక్క కూడా ఉంది. 2025-26లో ఉపాధి కూలి కాగితం మీద 307. కొలతల ప్రకారం పని తగ్గితే అంతకంటే తక్కువే పడుతుంది. అదీ ఎప్పుడు ఖాతాలో పడుతుందో తెలియదు. నాట్లకు వెళ్తే సాయంత్రానికి చేతిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. గుత్తకు వేస్తే ఇంకా ఎక్కువ. దాన్ని వదులుకుని ఉపాధి పనికి వెళ్లే మనిషిని నేను చూడలేదు.

మరి కొరత ఎందుకు? తెలంగాణలో వరి ఎంత పెరిగిందో చూడండి. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారు. రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో అందులో సగం కూడా లేదు. బోర్లు, ఉచిత కరెంటు, ప్రాజెక్టు నీళ్లు, మద్దతు ధరకు కొనుగోలు, ఇవన్నీ కలిసి అందరూ ఒకే పంట వేస్తున్నారు. అందరికీ అవే రెండు మూడు వారాల్లో నాట్లు పడాలి. ఊళ్లో చేతులు మాత్రం పెరగలేదు, తగ్గాయి. పిల్లలు చదువుకుని హైదరాబాద్ వెళ్లారు. మీరు కూడా అలా వెళ్లినవారే కావచ్చు. ఆ ఖాళీలోకే బిహార్, బెంగాల్ ముఠాలు వచ్చి ఇప్పుడు నల్గొండ, కరీంనగర్ వైపు ఎకరాకు ఇంత అని మాట్లాడుకుని నాట్లు వేస్తున్నాయి. పత్తి ఏరే రోజుల్లోనూ ఇదే కథ. ఉపాధి హామీని రేపు పూర్తిగా ఎత్తేసినా మీ నాన్నగారికి జులైలో మనుషులు దొరకరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ పథకం వల్ల వ్యవసాయ కూలి రేట్లు పెరిగాయి. ఇది ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి చెల్లింపులను స్మార్ట్‌కార్డులతో మెరుగుపరిచినప్పుడు, ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 157 మండలాల్లో ఫలితాన్ని పరిశీలించారు. కూలి సమయానికి సరిగా అందిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం సుమారు 13 శాతం పెరిగింది. అందులో అధిక భాగం ఉపాధి కూలి ద్వారా వచ్చింది కాదు, బయట చేసుకునే పనుల్లో రేటు పెరగడం వల్ల వచ్చింది. ఇంకా ముఖ్యమైన సంగతి, బయట దొరికే పని అక్కడ తగ్గలేదు. కూలి పెరిగితే పని పోతుందని భయపెట్టే సిద్ధాంతం మన మండలాల్లోనే నిలబడలేదు.

ఎందుకు పెరుగుతుందో ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో దిక్కు లేని మనిషి ఆసామి చెప్పిన రేటుకు తల ఊపాలి. వేసవిలో కొన్ని వారాలైనా వేరే పని ఉందన్న ధైర్యం ఉంటే "ఈ రేటుకు రాను" అనగలుగుతుంది. "గలుగుతుంది" అని కావాలనే రాశాను. దేశం మొత్తం మీద ఉపాధి పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే, చట్టం అడిగింది మూడో వంతే అయినా. మన రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ. ఆడ, మగ తేడా లేకుండా ఒకే కూలి అన్నది చాలా ఊళ్లలో మొదటిసారి ఈ మస్టర్‌లోనే కనిపించింది. పొలంలో ఆడకూలి మగకూలిలో సగం ఉండే ఊళ్లు నాకు బాగా తెలుసు. అక్కడ ఈ పథకం తెచ్చిన మార్పును రూపాయల్లో మాత్రమే కొలవలేం. భర్త చనిపోయిన, వదిలేసిన ఆడవాళ్లకు తమ పేరున జాబ్‌కార్డు, తమ పేరున ఖాతా రావడం ఎంత పెద్ద విషయమో తనిఖీలకు ఇంటింటికీ తిరిగితే తెలుస్తుంది.

ఆ 60 రోజుల ఆపుదలకు అభ్యంతరం ఇక్కడి నుంచే వస్తుంది. సమర్థకులు 365లో 60 పోతే ఇంకా 305 ఉన్నాయిగా, 125 రోజులకు సరిపోతాయిగా అంటారు. అంకెల్లో సరిపోతాయి. కానీ పొలం పనికి పోలేని వాళ్లు ఊళ్లో ఉంటారు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల అవ్వను నాట్లకు ఎవరూ పిలవరు, వికలాంగుణ్ణి పిలవరు. కొన్ని ఊళ్లలో దళితవాడ వాళ్లతో గొడవైతే మొత్తం వాడనే పనికి పిలవడం మానేస్తారు, ఇదీ జరుగుతుంది. వానలు మొహం చాటేసిన ఏడాది నాట్లే పడవు, పొలం పనే ఉండదు. అలాంటివాళ్లందరికీ ఆ రెండు నెలలు తలుపు మూసేస్తున్నారు. ఇంకో మాట, మనసులో ఉన్నది చెప్తున్నాను: ఆసామికి చవకగా కూలీ దొరకాలని కూలీకి ఉన్న ఇంకో దారిని ప్రభుత్వం మూయడం నాకు న్యాయంగా కనిపించదు. పనివాళ్లు దొరకాలని ఏ పరిశ్రమ కోసమైనా మిగతా ఉద్యోగాలన్నీ రెండు నెలలు ఆపుతారా?

రైతుకు సాయం అక్కర్లేదని కాదు. ఐదెకరాల రైతుకు పెట్టుబడి పెరిగింది, ధర పెరగలేదు. కూలి భారం ఆ బాధలో ఒక భాగం. పాత చట్టంలోనే ఎస్సీ, ఎస్టీ కుటుంబాల భూముల్లో, సన్న చిన్నకారు రైతుల భూముల్లో పంట కుంటలు, పండ్ల తోటలు, భూమి చదును, గట్లు లాంటి పనులు చేయించుకునే వీలుంది. అనంతపురంలో పండ్ల తోటల పని చాలామంది చిన్న రైతులను నిలబెట్టింది. పొలం పనులను కూడా ఉపాధికి కలపాలని మన ముఖ్యమంత్రులు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. 2018లో నీతి ఆయోగ్ దీనిపై ముఖ్యమంత్రుల ఉపసంఘం కూడా వేసింది, అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది. దాని మీద నిజాయితీగా చర్చ జరగాలి. చిన్న రైతు పొలంలో కూలిలో కొంత ప్రభుత్వం భరిస్తే ఇద్దరికీ మేలు. కొత్త చట్టం ఆ దారి తొక్కలేదు. పని ఆపే దారి తొక్కింది.

మీరు అడగలేదు కానీ వెంటనే ఎవరో ఒకరు అవినీతి సంగతి తెస్తారు. అవినీతి ఉంది. జేసీబీతో తవ్వించి కూలీల పేర్లు రాసిన పనులు, దొంగ మస్టర్లు, ఊళ్లో లేనివాళ్ల పేర్లు, పాత కుంటకు కొత్త కుంట అని బిల్లు, ఇవన్నీ తనిఖీల్లో బయటపడ్డాయి. దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది, గ్రామసభ చేసే సామాజిక తనిఖీ. దాన్ని రాష్ట్రవ్యాప్తంగా ఒక వ్యవస్థగా నడిపి చూపించింది మన ఉమ్మడి రాష్ట్రమే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో పథకం మొదలైంది, అదే ఏడాది ఆ జిల్లాలోనే పెద్ద ఎత్తున తనిఖీ జరిగింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్ల నుంచే చదువుకున్న పిల్లలు రికార్డులు పట్టుకుని తిరిగారు, ప్రజావేదికలో అందరి ముందు చదివారు. అధికారి ముందు నిలబడి "నాకు ఈ డబ్బు రాలేదు" అని కూలీ చెప్పడం, దానికి ఆయన అక్కడికక్కడే జవాబివ్వాల్సి రావడం, ఇంతకంటే మంచి నిఘా నేను చూడలేదు. లోపం ఆ తర్వాత మొదలైంది. తేలిన సొమ్ము రికవరీ కాదు, చర్యలు ఆగిపోతాయి, తనిఖీ బృందాలకు డబ్బు ఆలస్యంగా వస్తుంది.

దాన్ని బలపరచకుండా ఢిల్లీ ఏం చేసింది? ఫోన్ యాప్ పెట్టింది. 2023 జనవరి నుంచి పని జరిగే ప్రతిచోటా రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేక, సర్వర్ మొరాయించి చేసిన పనికి హాజరు పడక కూలి పోగొట్టుకున్న వాళ్లు ఎంతమందో. దొంగలు ఆగారా? 2025 జులైలో గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది, సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని. 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి చేశారు. దానికి ముందు 2022-23 ఒక్క ఏడాదిలోనే 5 కోట్లకు పైగా పేర్లు జాబితాల నుంచి తొలగించారు. అందులో చనిపోయినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు ఉన్నారు. బతికి ఉండి, ఊళ్లోనే ఉండి, పని అడుగుతున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆధార్‌లో పేరు ఒకలా, జాబ్‌కార్డులో ఒకలా ఉంటే చాలు, కూలీ మండల కార్యాలయం చుట్టూ తిరగాలి. తిరిగిన ప్రతి రోజూ ఒక రోజు కూలి పోయినట్టే. కొత్త చట్టం ఈ బయోమెట్రిక్ దారిలోనే ఇంకా ముందుకు వెళ్తానంటోంది.

కొత్త చట్టంలో మంచి ఏమీ లేదా? ఉంది. వారం వారం, లేకపోతే పదిహేను రోజుల్లోపు కూలి ఇవ్వాలన్నారు. పాత చట్టంలోనూ ఈ మాట ఉంది, ఆచరణలో పెడితే చాలా మంచిది. పరిపాలన ఖర్చు పరిమితి 6 శాతం నుంచి 9 శాతానికి పెంచారు. దశాబ్దాలుగా చాలీచాలని జీతంతో నెట్టుకొస్తున్న ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లకు అది మేలు చేయవచ్చు. కానీ ఈ రెండూ పాత చట్టాన్ని ఉంచుకునే చేయవచ్చు. రోజులు పెంచడానికి కూడా చిన్న సవరణ చాలు. సప్తగిరి ఉలాకా అధ్యక్షతన గ్రామీణాభివృద్ధిపై ఉన్న పార్లమెంట్ స్థాయీ సంఘం 150 రోజులు, రోజుకు కనీసం 400 రూపాయలు ఇవ్వమని సిఫార్సు చేసింది. దాన్ని పక్కన పెట్టి చట్టాన్నే మార్చారంటే ఉద్దేశం రోజులు పెంచడం కాదు, ఖర్చు బాధ్యతను దించుకోవడమేనని నా నిర్ధారణ.

గాంధీ పేరు తీసేశారన్న దానిమీద పార్లమెంట్‌లో, టీవీల్లో ఎక్కువ గొడవ జరిగింది. బాధ నాకూ ఉంది. అయితే ప్రతిపక్షాలు ఆ ఒక్కదాని మీదే గొంతు చించుకుని 60:40 గురించి తక్కువ మాట్లాడడం వల్ల నష్టం జరిగింది. పేరు 2009లో చేర్చారు. అంతకుముందు మూడేళ్లూ అదే చట్టం, అదే హక్కు. కూలీకి ముఖ్యం ఆ హక్కు. రాష్ట్రాలతో సరిగా మాట్లాడకుండా, స్థాయీ సంఘానికి పంపకుండా, కొద్ది రోజుల్లో రెండు సభల్లోనూ ముగించడం మీద ఇంకా గట్టిగా నిలదీయాల్సింది. రాష్ట్రాల ఖజానా మీద వేల కోట్లు మోపే చట్టం అది.

ఇక్కడ మన రెండు రాష్ట్రాల పార్టీలనూ అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో అధికారంలో ఉన్న తెలుగుదేశం, జనసేన కేంద్రంలో భాగస్వాములు. తెలుగుదేశం ఎంపీల బలం మీద కేంద్ర ప్రభుత్వం ఆధారపడి ఉంది. ఆ బలాన్ని అమరావతికి, పోలవరానికి వాడారు, మంచిదే. ఏటా రాష్ట్రం మీద పడే కూలి వాటా గురించి వాడకపోవడాన్ని వాళ్ల ఓటర్లే అడగాలి. తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం ఈ చట్టాన్ని విమర్శిస్తుంది. విమర్శించి ఊరుకుంటే చాలదు, తన 40 శాతం బడ్జెట్‌లో చూపించాలి. లేకపోతే కేంద్రం రాష్ట్రం మీద, రాష్ట్రం కేంద్రం మీద నెట్టుకుంటూ మధ్యలో కూలీ నలిగిపోతాడు.

మీరు ఊరికి వెళ్లినప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పని అడిగేవాళ్ల చేత దరఖాస్తు రాతపూర్వకంగా ఇప్పించండి, తేదీ వేసిన రసీదు తీసుకోమనండి. రసీదు లేకపోతే నిరుద్యోగ భృతి అడగడానికి ఆధారమే ఉండదు. జాబ్‌కార్డు నుంచి ఎవరి పేరైనా పోయిందేమో గ్రామ పంచాయతీలో జాబితా అడిగి చూడండి, పోతే గ్రామసభ తీర్మానంతో తిరిగి చేర్చమని అడగండి. గ్రామసభకు మీ నాన్నగారు కూడా వెళ్తే ఇంకా మంచిది. ఏ పని ఎప్పుడు చేయాలో, పని ఆపే రోజులు ఏవి కావాలో రైతులూ కూలీలూ అక్కడే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చు. పొలంలో కుంటో, గట్టో కావాలంటే అదీ అక్కడే అడగాలి. మీ ఎమ్మెల్యేను మాత్రం ఒకటే అడగండి: ఈ ఏడాది రాష్ట్ర బడ్జెట్‌లో ఉపాధి కూలి కింద రాష్ట్ర వాటాగా ఎంత పెట్టారు, మన మండలానికి అందులో ఎన్ని పనిదినాలు వస్తాయి?